పురపాలక సంఘంలో పటాలను, రికార్డులను కలిపే పని: ఏ పద్ధతి ఎవరికి తగినది

హైదరాబాదులో ఒక ఇంటికి ఆస్తి పన్ను విభాగం దగ్గర పీటీఐఎన్ ఉంటుంది, జలమండలి దగ్గర క్యాన్ నంబరు ఉంటుంది, విద్యుత్ పంపిణీ సంస్థ దగ్గర యూఎస్‌సీ నంబరు ఉంటుంది, రిజిస్ట్రేషన్ దస్తావేజులో సర్వే నంబరో టౌన్ సర్వే నంబరో ఉంటుంది, గుమ్మం పక్కన ఇంటి నంబరు వేరే ఉంటుంది. ఇవన్నీ ఒకే కట్టడానివని ఆ వీధిలో ఏళ్లుగా తిరిగే బిల్ కలెక్టరుకు తెలుసు గాని, ఏ కార్యాలయపు కంప్యూటరులోనూ ఆ సంగతి రాసి ఉండదు. చిన్న పట్టణాల్లో నంబర్ల పేర్లు మారతాయి, పరిస్థితి మాత్రం ఇదే. నగరానికి ఉమ్మడి సమాచార వ్యవస్థ కావాలన్నప్పుడు చేయవలసిన అసలు పని ఈ నంబర్లనూ, వాటి వెనుక ఉన్న పటాలనూ నమ్మకంగా ఒకదానితో ఒకటి ముడివేయడం.

ఈ వ్యాసాన్ని లక్ష నుంచి ఐదారు లక్షల జనాభా ఉన్న పురపాలక సంఘాల, నగరపాలక సంస్థల కమిషనర్లను, టౌన్ ప్లానింగ్ అధికారులను, ఇంజినీర్లను, వారికి సలహా ఇచ్చే సాంకేతిక నిపుణులను దృష్టిలో పెట్టుకొని రాస్తున్నాను. వారి ముందుకు వచ్చే ప్రతిపాదనలు సాధారణంగా ఏదో ఒక సాఫ్ట్‌వేర్ పేరుతోనే మొదలవుతాయి. సాఫ్ట్‌వేర్ నిర్ణయం చివరన రావాలని నా అభిప్రాయం. సమాచారం ఎవరి దగ్గర ఉండాలి, ఒక విభాగం రికార్డును మరొక విభాగం రికార్డుతో ఏ సంఖ్య కలపాలి, అన్నిటికీ అడుగున పరచే మూలపటం ఏది అన్న మూడు విషయాలు ముందుగా తేలితే, సాఫ్ట్‌వేర్ ఎంపిక చాలావరకు దానంతట అదే కుదురుతుంది.

సమాచారం ఎవరి దగ్గర ఉండాలి

ఇందుకు మూడు దారులున్నాయి. అన్ని విభాగాల పటాలనూ ఒకే కేంద్ర డేటాబేస్‌లోకి తెచ్చి అక్కడే నిర్వహించడం మొదటిది. ఎవరి సమాచారాన్ని వారే ఉంచుకొని, అడిగినప్పుడు ఇంటర్నెట్ సేవల ద్వారా అందించడం రెండవది. నిర్ణీత గడువుల్లో ఫైళ్లు ఇచ్చిపుచ్చుకోవడం మూడవది.

కేంద్ర డేటాబేస్‌కు ఉన్న బలం ప్రశ్నలు అడిగినప్పుడు కనబడుతుంది. ఒక చెరువు ఎఫ్‌టీఎల్ గీతకు (చెరువు పూర్తిగా నిండినప్పటి నీటి హద్దుకు) లోపల ఆస్తి పన్ను కడుతున్న కట్టడాలు ఎన్ని, వాటిలో భవన నిర్మాణ అనుమతి ఉన్నవి ఎన్ని అన్న ప్రశ్నకు చెరువు హద్దు, కట్టడాల ఆకృతులు, పన్ను జాబితా, అనుమతుల జాబితా ఒకేచోట ఉంటే నిమిషాల్లో జవాబు వస్తుంది. అవి నాలుగు కార్యాలయాల్లో ఉంటే అదే జవాబుకు వారాలు పడుతుంది. అయితే ఈ పద్ధతి చాలాచోట్ల ఒకే కారణంతో దెబ్బతింటుంది. సమాచారాన్ని కేంద్రానికి తెచ్చిన తరువాత కూడా విభాగాలు తమ పాత ప్రతిలోనే పని కొనసాగిస్తాయి. నీటి సరఫరా విభాగం ఒక వాల్వు మార్చినప్పుడు ఆ మార్పు వారి రిజిస్టరులోకి వెళుతుంది గాని, కేంద్ర డేటాబేస్‌లోకి వెళ్లదు. రెండేళ్లు గడిచేసరికి తెరమీద కనిపించే పటం పట్టణపు పాత స్థితిని మాత్రమే చూపుతుంది, దాన్ని చూసి రోడ్డు తవ్వినవారు పైపును పగలగొడతారు. పైగా విద్యుత్ సంస్థ, టెలికాం సంస్థలు పురపాలక సంఘం అధీనంలో ఉండవు కాబట్టి, సమాచారం అప్పగించమని కోరడమే తప్ప ఆదేశించే అధికారం కమిషనరుకు ఉండదు.

సేవల ద్వారా అందించే పద్ధతి ఈ లోపాన్ని సూత్రప్రాయంగా తొలగిస్తుంది, ఎందుకంటే చూసేవారికి ఎప్పుడూ యజమాని దగ్గరున్న తాజా ప్రతే కనిపిస్తుంది. పటాన్ని చిత్రంగా పంపే డబ్ల్యూఎంఎస్, గీతలను, బిందువులను వాటి వివరాలతో సహా పంపే డబ్ల్యూఎఫ్‌ఎస్, 2019లో వచ్చిన ఓజీసీ ఏపీఐ ఫీచర్స్ అందుకు ఏర్పడిన ప్రమాణాలు. జాతీయ స్థాయిలో 2021 అక్టోబరులో మొదలైన పీఎం గతిశక్తి వేర్వేరు మంత్రిత్వ శాఖల పటాలను ఒకే వేదిక మీదకు తెచ్చింది. నగరాల సమాచార మార్పిడి కోసం కేంద్ర గృహ, పట్టణ వ్యవహారాల మంత్రిత్వ శాఖ బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థతో కలిసి ఐయూడీఎక్స్‌ను తెచ్చింది. ఆ స్థాయిలో నడిచే పద్ధతి పట్టణ స్థాయిలో కూడా నడుస్తుందనుకోవడం తొందరపాటు. ప్రతి విభాగానికి ఒక సర్వరు, దాన్ని పగలూ రాత్రీ చూసుకునే ఒక మనిషి కావాలి. ఇద్దరు ముగ్గురు ఏఈలతో (అసిస్టెంట్ ఇంజినీర్లతో) నడిచే ఇంజినీరింగ్ విభాగం ఆ భారం మోయలేదు. ఒక్క సర్వరు ఆగినా ఉమ్మడి పటంలో ఒక లేయరు (రోడ్లు, పైపులు వంటి ఒక్కో అంశపు పొర) మాయమవుతుంది, వానాకాలంలో కంట్రోల్ రూములో కూర్చున్న అధికారికి అది సరిగ్గా కావలసిన లేయరే కావచ్చు.

ఫైళ్ల మార్పిడిని పాతకాలపు పద్ధతిగా తీసిపారేయడం తరచు చూస్తాం. ఆ మార్పిడిని మాత్రం నేను గట్టిగా సమర్థిస్తాను. ఆస్తి పన్ను జాబితాను విద్యుత్ కనెక్షన్ల జాబితాతో పోల్చి, వాణిజ్య కనెక్షను ఉండి నివాస పన్ను కడుతున్న కట్టడాలను గుర్తించడానికి ఏడాదికి రెండుసార్లు ఫైలు అందితే సరిపోతుంది. అందుకోసం రెండు సంస్థల సర్వర్లను శాశ్వతంగా కలిపి ఉంచనక్కర లేదు. షరతులు మాత్రం ఖచ్చితంగా ఉండాలి. ఏ తేదీ నాటి సమాచారమో ఫైలు పేరులోనే కనిపించాలి, కాలమ్‌ల పేర్లు ప్రతిసారీ ఒకేలా ఉండాలి, ఇచ్చేవారూ పుచ్చుకునేవారూ హోదాతో సహా ఉత్తర్వులో పేర్కొనబడాలి.

ఫైలు రూపం విషయంలో తెలుగువారు ప్రత్యేకంగా గమనించవలసిన సంగతి ఒకటుంది. ఇప్పటికీ ఎక్కువగా చేతులు మారే పటాల ఫైలు రూపమైన షేప్‌ఫైల్‌లో కాలమ్ పేరుకు 10 బైట్ల పరిమితి ఉంది, గడిలో రాసే పాఠానికి 254 బైట్ల పరిమితి ఉంది. కంప్యూటర్లు అక్షరాలను దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు సంకేతానికి 3 బైట్లు పడుతుంది, గుణింతపు గుర్తూ పొల్లూ విడివిడిగా లెక్కకు వస్తాయి. అంటే కాలమ్ పేరు మూడు సంకేతాలతో ఆగిపోతుంది, పొడవైన చిరునామా మధ్యలో తెగిపోతుంది. ఎన్‌కోడింగ్ వివరం పక్క ఫైలులో లేకపోతే తెలుగు మొత్తం అర్థంలేని గుర్తులుగా మారుతుంది. ఈ పరిమితులు లేని జియోప్యాకేజ్ 2014 నుంచి ప్రమాణంగా ఉంది, పటాలతో పనిచేసే ఉచిత సాఫ్ట్‌వేర్ క్యూజీఐఎస్ దాన్ని నేరుగా తెరుస్తుంది. వీధుల పేర్లనూ, కాలనీల పేర్లనూ తెలుగులో నిలుపుకోవాలనుకునే ఏ సంస్థ అయినా మార్పిడికి జియోప్యాకేజ్‌నే తప్పనిసరి చేయాలని నా సలహా.

ఈ మూడింటిలో దేన్ని ఎంచుకోవాలన్నది మొత్తం పట్టణానికి ఒకేసారి తేల్చవలసిన ప్రశ్న కాదు. ఒక్కో లేయరును విడిగా తీసుకొని, అది ఎంత వేగంగా మారుతుంది, తప్పు దొర్లితే జవాబు చెప్పవలసినది ఎవరు అని అడగాలి. వార్డు హద్దులు, రోడ్ల మధ్యరేఖలు, కట్టడాల ఆకృతులు, కాలువలు, నేల ఎత్తులు అందరికీ కావాలి, నెమ్మదిగా మారతాయి. వీటిని టౌన్ ప్లానింగ్ విభాగం బాధ్యతలో కేంద్ర డేటాబేస్‌లో ఉంచడం సబబు. నీటి పైపులు, వాల్వులు, భూగర్భ డ్రైనేజీ తరచు మారతాయి, వాటిని మార్చేది ఒక్క విభాగమే. ఆ విభాగం ఉద్యోగులు కేంద్ర డేటాబేస్‌లోనే తమ లేయరును నేరుగా దిద్దేలా హక్కులిచ్చి, వారి పాత ప్రతిని మూసివేయాలి. విద్యుత్, టెలికాం వంటి బయటి సంస్థలతో ఫైళ్ల మార్పిడి చాలు. ఆంధ్రప్రదేశ్‌లో ఏపీశాక్, తెలంగాణలో టీజీరాక్ వంటి రాష్ట్ర రిమోట్ సెన్సింగ్ సంస్థలు సర్వర్ల భారం తీసుకోవడానికి ముందుకొస్తే ఆ పట్టణం సేవల పద్ధతిని కూడా ధైర్యంగా ఎంచుకోవచ్చు.

కలిపే సంఖ్య

ఈ పనిలో అన్నిటికంటే కష్టమైన భాగం ఇదే, ప్రతిపాదనల్లో అన్నిటికంటే తక్కువ పేజీలు దక్కేదీ ఇదే.

కేంద్ర ప్రభుత్వం ప్రతి భూకమతానికీ యూఎల్‌పిన్ అనే 14 స్థానాల సంఖ్యను కేటాయిస్తోంది, దీన్ని భూ ఆధార్ అని కూడా అంటున్నారు. కమతం హద్దుల అక్షాంశ రేఖాంశాల ఆధారంగా ఇది తయారవుతుంది. దీన్నే పట్టణమంతటికీ తాళంచెవిగా వాడుకోవచ్చు కదా అన్న ఆలోచన సహజం. వ్యవసాయ భూమికి అది చక్కగా సరిపోతుంది. పట్టణంలో రెండుచోట్ల అడ్డం వస్తుంది.

ఒకటి, అపార్టుమెంటు. కింద ఉన్న స్థలం ఒకటే, పైన 40 ఫ్లాట్లు ఉంటే 40 అసెస్‌మెంట్లు, 40 విద్యుత్ మీటర్లు ఉంటాయి, నీటి కనెక్షను మాత్రం చాలాసార్లు సొసైటీ పేరున ఒక్కటే ఉంటుంది. భూమి సంఖ్య ఒక్కటే వాడితే ఈ 40 ఇళ్లూ కలిసిపోతాయి. రెండు, విలీన గ్రామాలు. పురపాలక పరిధిలోకి వచ్చిన పాత ఊళ్లలో నివాస స్థలమంతా గ్రామకంఠంగా నమోదై ఉంటుంది, దానిలోపల ఇంటింటికీ విడి సర్వే నంబరు లేదు. అక్కడి వందలాది ఇళ్లకు భూమి సంఖ్య ద్వారా విడి గుర్తింపు రావాలంటే కొత్త సర్వే జరగాలి. పట్టణ భూముల సర్వే కోసం 2025 ఫిబ్రవరిలో మొదలైన నక్ష కార్యక్రమం 150కి పైగా పట్టణాలను ప్రయోగాత్మకంగా తీసుకుంది. మీ పట్టణం అందులో ఉంటే ఆ ఫలితాల కోసం ఆగడం మేలు; లేకపోతే వాటి కోసం ఎదురుచూస్తూ పని ఆపవద్దు.

అందుచేత భూమికి ఒకటి, కట్టడానికి ఒకటి, విడి ఇంటికి లేదా దుకాణానికి ఒకటి చొప్పున మూడు అంచెల గుర్తింపు పెట్టుకొని, కట్టడపు సంఖ్యను పురపాలక సంఘమే ఇవ్వాలని నేను సూచిస్తాను. ఆ సంఖ్యలో వార్డు నంబరు గాని వీధి పేరు గాని ఇమడ్చకూడదు, ఎందుకంటే వార్డుల పునర్విభజన జరిగిన ప్రతిసారీ అది అబద్ధమవుతుంది. పీటీఐఎన్, క్యాన్, విద్యుత్ సర్వీసు నంబరు, యూఎల్‌పిన్ వంటివన్నీ ఒక అనుసంధాన పట్టికలో ఈ సంఖ్యకు ఎదురుగా చేరతాయి. ప్రతి జోడింపు పక్కన అది ఎలా కుదిరిందో కూడా రాయాలి: క్షేత్రంలో చూసి నిర్ధారించినదా, ఇంటి నంబరు సరిపోయినందువల్ల కలిపినదా, మీటరు ఉన్న బిందువు కట్టడం ఆకృతిలో పడినందువల్ల ఊహించినదా అన్న తేడా పన్ను నోటీసు పంపే రోజున చాలా ముఖ్యమవుతుంది.

యజమాని పేరు ఆధారంగా కలుపుతామనే ప్రతిపాదనను అంగీకరించవద్దు. మన ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనక, మరొకచోట పొడి అక్షరంగా ఉంటుంది. సత్యనారాయణ అన్న పేరు ఇంగ్లీషు రికార్డుల్లో నాలుగైదు వర్ణక్రమాల్లో దొరుకుతుంది. తాతగారి పేరున ఉన్న పన్ను మనుమడి కాలంలోనూ మారకుండా ఉంటుంది. పేరును అనుమానం తీర్చుకోవడానికి వాడవచ్చు, నిర్ణయానికి వాడకూడదు. యంత్రంతో తేలని ఇళ్ల జాబితాను ఆంధ్రప్రదేశ్‌లోనైతే వార్డు సచివాలయ ఉద్యోగుల చేతికి, తెలంగాణలోనైతే బిల్ కలెక్టర్ల చేతికి ఇచ్చి ఇంటింటికీ పంపడమే నమ్మదగిన మార్గం. ఖర్చు అంచనాలో ఈ నెలల శ్రమకు విడిగా పద్దు ఉండాలి.

అడుగున పరచే పటం

మన దగ్గర పాత పటాలు తక్కువేమీ లేవు. 1908 మూసీ వరదల తరువాతి దశాబ్దంలో లియొనార్డ్ మన్ పర్యవేక్షణలో హైదరాబాదు నగరానికి జరిగిన మునిసిపల్ సర్వే పటాలను చరిత్రకారులు ఇప్పటికీ ఆశ్రయిస్తున్నారు. ఆంధ్రలో ఎఫ్‌ఎంబీలు, తెలంగాణలో టిప్పన్లు సర్వే నంబరు హద్దుల కొలతలను చెబుతాయి. ఇవి చట్టపరంగా విలువైనవి, కాని భూమి మీద తమ స్థానాన్ని అక్షాంశ రేఖాంశాల్లో చెప్పవు. వాటిని ఉపగ్రహ చిత్రం మీదకు లాగి అతికించినప్పుడు వచ్చే తేడాను రాసిపెట్టకపోతే, ఆ అతుకే తరువాత హద్దు వివాదంగా మారుతుంది. చెరువు ఎఫ్‌టీఎల్ విషయంలో ఇది మరింత సున్నితం. గీత ఐదు మీటర్లు జరిగితే ఒక కుటుంబం ఇల్లు ఒక పక్క నుంచి మరొక పక్కకు పోతుంది.

ఎంత ఖచ్చితత్వం కావాలన్నది పనిని బట్టి ఉంటుంది. 2006లో కేంద్రం చేపట్టిన జాతీయ పట్టణ సమాచార వ్యవస్థ పథకంలో మాస్టర్ ప్లానుకు 1:10,000, వివరమైన ప్రణాళికకు 1:2,000, భూగర్భ పైపులు, కేబుళ్ల ప్రణాళికకు 1:1,000 స్కేళ్లను నిర్దేశించారు. తరువాత కేంద్రపు పట్టణాభివృద్ధి పథకమైన అమృత్‌లో 500 నగరాల మాస్టర్ ప్లాన్ల కోసం 1:4,000 స్కేలు పటాలు ఎంచుకున్నారు. ఆ స్కేలు పటంలో పావు మిల్లీమీటరు అంటే నేల మీద ఒక మీటరు. భూ వినియోగ మండలాలకు అది చాలు. రెండు అడుగుల ఎడంతో పక్కపక్కన పోయే నీటి పైపునూ డ్రైనేజీ పైపునూ విడదీయడానికి చాలదు. అమృత్ మూలపటం ఇప్పటికే ఉన్న పట్టణం దాన్ని పారేయకుండా కట్టడాలకు, రోడ్లకు వాడుకొని, పైపుల కోసం ప్రధాన రోడ్ల వెంట మాత్రమే కొత్త సర్వే చేయించుకోవడం ఖర్చుకు తగిన పని. ఇరుకు సందులున్న పాత బస్తీలకూ గ్రామకంఠాలకూ డ్రోన్ సర్వే మేలు, ఎందుకంటే ఉపగ్రహ చిత్రంలో ఆనుకొని ఉన్న కప్పులు కలిసిపోయి కనబడతాయి. మిగిలిన పట్టణానికి మంచి ఉపగ్రహ చిత్రం సరిపోతుంది.

నిర్దేశాంక వ్యవస్థను (స్థానాన్ని అంకెల్లో చెప్పే పద్ధతిని) మొదటి ఉత్తర్వులోనే రాయించాలి. ఎవరెస్ట్ అనే పాత భూ ఆకార నమూనా ఆధారంగా గీసిన పటాన్ని మార్పిడి లేకుండా, జీపీఎస్ వాడే డబ్ల్యూజీఎస్-84 నమూనా పటం మీద వేస్తే హైదరాబాదు ప్రాంతంలో వంద మీటర్లకు పైగా జరుగుతుంది. మీటర్లలో పనిచేయడానికి వాడే యూటీఎం మండలాలు (భూమిని ఆరేసి డిగ్రీల వెడల్పున విభజించే నిలువు పట్టీలు) తెలుగు నేలను 78, 84 డిగ్రీల రేఖాంశాల దగ్గర విడదీస్తాయి: అనంతపురం, హిందూపురం, ఆదోని, జహీరాబాద్, తాండూరు 43వ మండలంలో, విజయవాడ, హైదరాబాదు, విశాఖపట్నం 44వ మండలంలో ఉంటాయి, శ్రీకాకుళం జిల్లాలోని ఇచ్ఛాపురం, పలాస 45వ మండలంలోకి వెళతాయి. మహబూబ్‌నగర్ పట్టణం దాదాపు 78 డిగ్రీల గీత మీదే ఉంది. అటువంటి పట్టణం ఒక మండలాన్ని ఎంచుకొని పరిధి మొత్తానికీ దాన్నే వాడాలి. మండలం తప్పు పడితే పట్టణం వందల కిలోమీటర్ల దూరాన కనబడుతుంది కాబట్టి వెంటనే దొరికిపోతుంది. రెండు మూడు మీటర్ల తేడాలే దొరక్కుండా ఏళ్ల తరబడి ఉండిపోతాయి. అందువల్ల పట్టణంలో కొన్ని స్థిర గుర్తులను నాటించి, ఎవరు కొత్త సర్వే చేసినా వాటితో సరిచూపించాలి.

సాఫ్ట్‌వేర్, ఒప్పందం

పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ మీద నడిచి పటాలను భద్రపరచే పోస్ట్‌జీఐఎస్, పటాలు వడ్డించే జియోసర్వర్, డెస్క్‌టాప్ కంప్యూటరులో పనిచేసే క్యూజీఐఎస్ కలిస్తే లైసెన్సు రుసుము లేకుండా పైన చెప్పిన పనులన్నీ జరుగుతాయి. ఆర్క్‌జీఐఎస్ వంటి చెల్లింపు వ్యవస్థలో పైపుల నెట్‌వర్కు విశ్లేషణ, మొబైల్ యాప్‌లు, ఫోనెత్తితే పలికే సహాయం సిద్ధంగా దొరుకుతాయి. లక్షన్నర జనాభా పట్టణానికి నేను మొదటిదాన్నే సూచిస్తాను, కాని దాన్ని చూసుకునే ఒక ఉద్యోగిని కనీసం మూడేళ్లు కదపకుండా ఉంచగలిగితేనే. అది కుదరని చోట, లేదా పెద్ద నీటి సరఫరా వ్యవస్థ ఉన్న నగరంలో చెల్లింపు వ్యవస్థ ఖర్చు సమర్థనీయమే. ఏది కొన్నా ఒప్పందం ముగిసిన రోజున మొత్తం సమాచారాన్ని జియోప్యాకేజ్‌గా, అనుసంధాన పట్టికతో సహా అప్పగించాలన్న షరతు ఉండాలి, ఆ అప్పగింతను మొదటి ఏడాదిలోనే ఒకసారి చేయించి చూడాలి.

క్లౌడ్ ఎంచుకునేటప్పుడు 2021 ఫిబ్రవరి నాటి భౌగోళిక సమాచార మార్గదర్శకాలను చదవాలి. అడ్డంగా ఒక మీటరు, నిలువుగా మూడు మీటర్ల కంటే సూక్ష్మమైన సమాచారాన్ని దేశంలోనే భద్రపరచాలని, ఇక్కడే ప్రాసెస్ చేయాలని అవి చెబుతున్నాయి. డ్రోన్ సర్వే ఫలితం దాదాపు ఎప్పుడూ ఈ హద్దులోకి వస్తుంది. ఇంటి యజమానుల పేర్లు, ఫోన్ నంబర్లు, బకాయిలు 2023 నాటి వ్యక్తిగత డిజిటల్ సమాచార రక్షణ చట్టం కిందకు వస్తాయి కాబట్టి వాటిని పటం నుంచి వేరుగా, పరిమిత ప్రవేశంతో ఉంచి, బహిరంగ పటంలో కట్టడపు సంఖ్య వరకే చూపాలి. త్రిమితీయ నగర నమూనాలు ఆకర్షణీయంగానే ఉంటాయి, సిటీజీఎంఎల్ వంటి ప్రమాణాలూ ఉన్నాయి. కట్టడాల పటం, అనుసంధాన పట్టిక స్థిరపడని పట్టణం వాటి జోలికి ఇప్పుడే వెళ్లనక్కర లేదు.

చివరగా, పటం తాజాగా ఉండడం చాలావరకు బిల్లుల చెల్లింపు మీద ఆధారపడి ఉంటుంది. పైపు వేసిన కాంట్రాక్టరు పూడ్చకముందే ప్రతి మలుపు, ప్రతి వాల్వు స్థానాన్ని, లోతును కొలిచి జియోప్యాకేజ్ రూపంలో ఇవ్వాలని, ఏఈ దాన్ని కేంద్ర డేటాబేస్‌లో సరిచూసినట్టు ఎం-బుక్‌లో (పనుల కొలతల పుస్తకంలో) రాసిన తరువాతే చివరి బిల్లు పాస్ కావాలని టెండరులోనే పెట్టవచ్చు. ఇతర సంస్థలకు రోడ్డు తవ్వే అనుమతి ఇచ్చేటప్పుడు కూడా ఇదే షరతు పనిచేస్తుంది. 2023 మార్చిలో వచ్చిన కాల్ బిఫోర్ యూ డిగ్ యాప్ తవ్వేవారిని భూగర్భ కేబుళ్లు, పైపుల యజమానులతో కలుపుతుంది. ఆ యజమానుల వరుసలో పురపాలక సంఘం నీటి విభాగం తన పైపుల పటంతో నమోదై ఉండాలి. భవనాల విషయంలో ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ ఇచ్చే రోజునే కట్టడపు సంఖ్య కేటాయించి, పన్ను అసెస్‌మెంటు, నీటి కనెక్షను దరఖాస్తుల్లో ఆ సంఖ్యను తప్పనిసరి గడిగా పెడితే, ఆ రోజు నుంచి కట్టే ఇళ్లకు వెనక్కి వెళ్లి కలపవలసిన పని మిగలదు.